పన్నెండు రోజుల మౌనం, ఒక ఫోమ్ గారె

సెప్టెంబర్ 2, మంగళవారం. పిస్కాటవే.
ఉదయం 7.10. నిర్ణయం: పదమూడో తేదీ శనివారం దాకా మనవరాలు ప్రణవి ఫుట్‌బాల్ గురించి నోరు మెదపను.

కారణం: పోయినవారం ప్రాక్టీస్ ఆపించి కోచ్‌కి ద్రవ్యవేగం గురించి పదకొండు నిమిషాలు చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, క్లుప్తంగానే చెప్పాను. స్రవంతి ఒప్పుకోలేదు. "అమ్మా, నువ్వు కుర్చీలో కూర్చో, చాలు." కన్నకూతురు కాబట్టి పైకే అంది.

సాయంత్రం 6.00. గ్రౌండ్. ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు. ఆ పరిగెత్తేవాళ్లని వాటేసుకుని పడగొట్టడమే టాకిల్. మా పన్నెండేళ్ల ప్రణవికి నచ్చింది ఇదే.

నేర్పడానికి ఒక ఫోమ్ చక్రం ఉంది. నడుమెత్తు గారె. కోచ్ దొర్లిస్తాడు. పిల్ల తల ఎత్తి, పక్కకి పెట్టి, భుజం ఆనించి, చేతులు చుట్టి పడగొట్టాలి. తల దించి గుద్దితే మెడకి ప్రమాదం.

ప్రణవి ఆరుసార్లు గుద్దింది. ఆరుసార్లూ తల కిందికే.

నేను మాట్లాడలేదు. ఇంత సులువా!

సెప్టెంబర్ 4, గురువారం.
కోచ్ స్రవంతితో చెప్పాడు: పదమూడున పరీక్ష. తల లేవకపోతే ఈ సీజన్‌లో ఆట లేదు. పిల్లల మెడలతో రిస్క్ తీసుకోడట. బుద్ధిమంతుడు.

తిరిగొచ్చేటప్పుడు ప్రణవి కార్‌లో హెల్మెట్ తీయలేదు. లోపల ఏడుస్తోంది.

నేను రెండుసార్లు దగ్గాను. దగ్గు మాట కాదు.

సెప్టెంబర్ 6, శనివారం.
కోచ్‌ని అడిగి చక్రం ఇంటికి తెచ్చారు. గరాజ్‌లో ప్రాక్టీస్.
"తల ఎత్తు," అన్నాను చక్రంతో.
"అమ్మమ్మా, నువ్వు మాట్లాడావ్!"
"నీతో కాదు."
"దట్స్ చీటింగ్!"
చక్రం మనిషి కాదు. వ్రతం చెడలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం.
పార్సిప్పనీలో ఉన్న నా స్నేహితురాలు పద్మజకి ఫోన్ చేసి తల ఎలా ఎత్తాలో నలభై నిమిషాలు చెప్పాను. ఆవిడ మోకాళ్ల నొప్పుల మనిషి, ఎవరినీ టాకిల్ చేయదు. పక్క గదిలో ప్రణవి విని ఉంటే నా బాధ్యత కాదు.

సెప్టెంబర్ 11, గురువారం.
మధ్యాహ్నం 4.30. గరాజ్. గుద్దింది. తల కిందికే. లేచి, వంగి, చక్రాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది.

కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి చూపించాను: ఎందుకు? (రాత మాట కాదు.)

"ఫుట్ తగిలింది కదా అమ్మమ్మా. నువ్వే చెప్పావ్, కాలు తగిలితే పాపం అని. సో తగలకుండా కిందికి చూస్తా."

మూడేళ్లప్పుడు పుస్తకం తొక్కితే చెప్పాను. తొమ్మిదేళ్లుగా గుర్తుంచుకుంది. నేను చెప్పినవాటిలో ఇదొక్కటే.

మళ్లీ రాశాను: చక్రానికి పాపం లేదు.
"కానీ గేమ్‌లో రియల్ పీపుల్ ఉంటారు కదా?"

కాగితం మడిచేశాను. ఆ తల వంచింది నేనే.

సెప్టెంబర్ 13, శనివారం.
ఉదయం 9.00. పరీక్ష. చక్రం కాదు! ఫోమ్ డాలు పట్టుకుని జట్టులోని సాన్వి నిలబడింది. మూడు అవకాశాలు.
9.04. తల కిందికి.
9.06. తల కిందికి. కోచ్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
9.07. కుర్చీలోంచి లేచాను.
"ఒసేయ్ ప్రణవీ! కాలు తగిలితే తగలనీ! ఆ పాపం నాది! నువ్వు తల ఎత్తు!"

గ్రౌండ్ అంతా నావైపు తిరిగింది. స్రవంతి ఒక్కతే చెట్టువైపు తిరిగింది.

తల లేచింది. సాన్వి కళ్లలోకి చూస్తూ వెళ్లింది. భుజం ఆనింది, చేతులు చుట్టుకున్నాయి, ఇద్దరూ గడ్డిలో పడ్డారు. సాన్వి లేచి, "దట్ వాజ్ ఆసమ్!" అంది. కోచ్ బొటనవేలు ఎత్తాడు. ప్రణవి కళ్లకద్దుకోలేదు.

తర్వాత కోచ్ మర్యాదగా వచ్చాడు. ఇకపై నేను పార్కింగ్‌లో, కార్‌లోంచి చూస్తే బాగుంటుందట.

సెప్టెంబర్ 14, ఆదివారం.
ఉదయం 7.10. ప్రణవి హాల్లో న్యూస్‌పేపర్ తొక్కుతూ వెళ్లింది. "పాపం నీదే కదా అమ్మమ్మా!" వంగి నేనే కళ్లకద్దుకున్నాను.

నిర్ణయం: ఇవాళ్టి నుంచి సీజన్ అయ్యేదాకా సంపూర్ణ మౌనం. కార్‌లోనే.

అద్దం ఎంతవరకు దించుకోవచ్చో కోచ్ చెప్పలేదు.