గుప్పిట్లో గాజు గొట్టం

రాజయ్యా,

పోయినవాడికి ఉత్తరమేమిటని నవ్వేవాళ్లను నవ్వనీ. నీ బిడ్డ లక్ష్మి బతికింది.

సోమవారం హైదరాబాదులో ఆమె గుండెకు ఆపరేషన్ చేసి, చెడిపోయిన కవాటం మార్చారు. కుట్లు వేసినా లోపల నెత్తురు ఆగలేదు. మళ్లీ ఛాతీ తెరవాలేమోనన్నారు. అప్పుడు ల్యాబులో పనిచేసే అమ్మాయి లక్ష్మి నెత్తురు కొంత గాజు గొట్టంలో పట్టి, గుప్పిట్లో వెచ్చగా ఉంచుకుని, వంచి వంచి చూసింది.

"కడుతున్నది గాని నిలుస్తలేదు తాతా. గడ్డ మళ్ల కరుగుతున్నది" అంది నాతో.

గడ్డ కరగకుండా మందు ఎక్కించారు. సాయంత్రానికి నెత్తురు ఆగింది.

అడవిలో మన చిన్న దవాఖానాలో, ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగికీ ల్యాబు అటెండరుగా నువ్వు చేసిన పరీక్ష ఇదే.

"ఏంది రాజయ్యా, కోడిపెట్ట లెక్క పొదుగుతున్నవ్? పిల్లలెప్పుడు లేస్తయ్?" అని డాక్టరు అంటే వరండా అంతా నవ్వింది.

నువ్వు తలెత్తలేదు. "గడ్డ నిలవనియ్యుండ్రి సార్, అప్పుడు కొయ్యుండ్రి" అన్నావు.

ఆ డాక్టరుకు ఖమ్మంలో మేడ లేచింది. నీకు మెచ్చుకోలు కాగితమైనా రాలేదు. అక్కడే కాంపౌండరుగా ఉండి, ఇన్ని పుస్తకాలు చదివిన నేనూ, కట్టిన గడ్డను ఒళ్లే కరిగిస్తుందని నువ్వు చెబితే నమ్మలేదు.

ఇవాళ లక్ష్మి లేచి కూర్చుంది. ఆ అమ్మాయికి నీ సంగతంతా చెప్పాను.

"మీ నాయిన ఎంతసేపు పట్టుకుంటుండె అక్కా?" అని లక్ష్మిని అడిగింది.

"గడ్డ కరగదని తేలిందాక" అంది లక్ష్మి. "కుడి చేత్తోనే పట్టుకుంటుండె గద, అన్నం నేనే తినిపిస్తుంటి."