మూడో పేరు

గాల్వే, ఐర్లండ్, మంగళవారం

పేరు మార్చనివ్వనని నా పార్ట్‌నర్ సుధాకర్ మాట ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఆ రెండు గదుల ఆఫీసులో, బాయిలర్లు, ట్యాంకులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ మేమిద్దరం పూర్తి చేసిన రోజున, "ఎవరు కొన్నా ఈ పేరే ఉంటుంది, లోపల మన పేర్లూ ఉంటాయి" అన్నాడు. తర్వాత నాకు చెప్పకుండానే అమ్మేశాడు. కొన్న కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది. నేను పట్టించుకోవడం మానేశాను.

ఇవాళ షానన్‌లో ఇంటర్వ్యూ. ఆ ఐరిష్ అమ్మాయి ఏదో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, వాడారా అని అడిగింది. ఎన్నడూ వినలేదన్నాను. "గ్రాండ్" అని, అంటే ఇక్కడివాళ్ళ భాషలో ‘సరేలెండి’ అని, నవ్వి కాగితం మీద గీత గీసింది. ఈ వయసులో నన్ను పిలిచిన ఒకే ఒక్క ఉద్యోగం అక్కడితో సరి.

సాయంత్రం అల్లుడు కిరణ్ తన ఆఫీసు లాప్‌టాప్‌లో ఆమె చెప్పిన ఆ సాఫ్ట్‌వేరే తెరిచాడు. అన్నీ కొత్త రంగులు. ట్యాంకు గోడ ప్లేటు మందం కావాలనే తక్కువ ఇచ్చాను. ఎర్రటి హెచ్చరిక వచ్చింది: మందం చాలదు, దయచేసి మీ సీనియర్‌ను అడగండి.

ట్రైనీల కోసం ఆ వాక్యం రాసింది నేనే.

"మరి తెలీదని ఎందుకు చెప్పారు మామయ్యా?"

"ఈ మూడో పేరు తెలీలేదయ్యా."

"ఈమెయిల్ పెట్టేద్దాం, సింపుల్."

ఏమని పెట్టాలి? పొద్దున తెలీదన్నవాడు సాయంత్రానికి నేనే రాశానంటే ఎవరు నమ్ముతారు? లోపల రాసినవాళ్ళ జాబితా అంతా వెతికాను. నా పేరు లేదు.

ద్రోహం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. క్షమించమనే చెబుతాయి అన్నీ. వాటిని రాసినవాళ్ళెవరికీ సుధాకర్ తెలీదు.