మూడు మిల్లీమీటర్ల అంచు

ప్రెస్సు బాబాయ్‌కి,

కత్తి మిషను ఆపించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. మీరు ఫోను ఎత్తకపోయేసరికి, ఈ చీటీ ఇచ్చి మా ఆయన్ని పరిగెత్తిస్తున్నాను.

తప్పు నాదే. పుస్తకం అట్టకి బ్లీడ్ అంచు పెట్టకుండానే పీడీఎఫ్ చేసేశాను. కోతకి వదలాల్సిన మూడు మిల్లీమీటర్లు లేవు కాబట్టి కత్తి అట్ట మీది ఫొటోలోకే దిగుతుంది. "మూడు మిల్లీమీటర్లకే ఇంత గోలా?" అంటారని తెలుసు.

ఆ ఫొటోలో మా ఇంటిల్లిపాదీ ఉన్నాం. అందరినీ మధ్యకి తోసేసి, ఎప్పటిలాగే మా అత్తయ్య ఆ చివరంచున నిలబడింది. స్కేలు పెట్టి కొలిచాను. ఆవిడ మొహం సరిగ్గా మూడు మిల్లీమీటర్లుంది. ఆవిడ పోయాక, ఆవిడున్న ఫొటో మాకు అదొక్కటే మిగిలింది.

ఫొటోలో వెనకున్న గోడని కాస్త సాగదీసి కొత్త పీడీఎఫ్ పంపుతాను, అరగంట ఆగండి.

బాబాయ్, ఆ పుస్తకం రాసింది ఆవిడే.