చూడటం మాత్రం ఉచితం

అక్కయ్యకు తమ్ముడు నమస్కారాలతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం, వెనకగది కప్పు తప్ప.

ఆ గదిలో నీ మరదలు కుట్టుమిషను పెట్టుకున్న సంగతి నీకు తెలుసు. ఈమధ్యే ఒక స్కూలువాళ్ళు ఎనభై యూనిఫాం చొక్కాలు కుట్టమని గుడ్డా, కొంత అడ్వాన్సూ ఇచ్చి వెళ్ళారు. నెల తిరిగేలోగా ఇస్తే ఇకముందు వాళ్ళ కుట్టుపనంతా ఈమెకేనట. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరిని చూసుకుంటారట. మొన్న చిన్న జల్లు పడితే సరిగ్గా మిషను మీదే చుక్కలు పడ్డాయి. మేస్త్రిని పిలిచాను. ఆయన నిచ్చెన వేసుకుని లోపలినుంచే చూసి, నాలుగు పెంకులు చిట్లాయి, ఒక వాసం పుచ్చింది, నాలుగు వేలవుతుంది, రెండు రోజుల పని అన్నాడు. సరేనందామనుకుంటున్నాను. ఇల్లు మనిద్దరి పేరా ఉంది కాబట్టి నీ వాటా రెండు వేలు పంపితే మొదలుపెట్టిస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు

*

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి, తలపట్టుకుని రాసేది.

సరేనందామనుకుంటున్నావా? మొదట వచ్చినవాడు మొదట చెప్పిన ధరకి తల ఊపేవాడివి నువ్వొక్కడివే ఉంటావు. నీ మొహం చూడగానే ఎవడికైనా ఒక సున్నా ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే.

మా ఇంటికి సున్నం వేయించడానికి నేను తొమ్మిదిమందిని పిలిచాను. నాలుగు నెలలు పట్టింది. అయితేనేం, ఎనభై రూపాయలు మిగిలాయి. ధర చెప్పించుకోవడం ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని ఒక్కటితో ఆపేసే తెలివితక్కువతనం మన ఇంట్లో నీకెలా అబ్బిందో తెలియదు.

ఏడుగురిని పిలువు. అందరిచేతా కాగితం మీద రాయించు. ఇంకో ముక్క. కిందనుంచి చూసి ధర చెప్పేవాడిని నమ్మకు. పైకెక్కి, విప్పి, లోపలిదాకా చూసి చెప్పమను. అప్పటిదాకా నా వాటా నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క

తా.క. వాళ్ళముందు చొక్కాల మాట ఎత్తకు. తొందర కనిపెడితే నెత్తినెక్కుతారు. తీరుబడిగా ఉన్నవాడిలా కనపడు. నీకదేం కొత్త కాదుగా.

*

అక్కయ్యకు తమ్ముడు రాసేది. క్షేమం. కప్పు కొంచెం తగ్గింది.

నువ్వు చెప్పినట్టే మరో ఇద్దరిని పిలిచి, విప్పి చూసి చెప్పమన్నాను. రెండో ఆయన పైకెక్కి పదకొండు పెంకులు తీసి కింద పేర్చాడు. మూడువేల ఎనిమిది వందలన్నాడు. మూడో ఆయన ఇంకా నమ్మకస్తుడు. రెండు వరసలు పూర్తిగా తీసి, వాటికిందున్న బద్దలు కూడా పీకి, చెద పట్టిందేమోనని చేత్తో విరిచి చూశాడు. చెద లేదట. మూడువేల అయిదు వందలు.

తీసినవి మళ్ళీ పెట్టి వెళ్ళమని ఇద్దరినీ అడిగాను. పెట్టడం పని కిందికి వస్తుంది, చూడటం మాత్రమే ఉచితం అన్నారు. అదీ న్యాయంగానే ఉందనిపించింది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినగారూ, ఇది నేను, మీ మరదలిని, రాస్తున్నాను. మీ సలహా పుణ్యమా అని గదిలో వెలుతురు ఎంత బాగా వస్తోందో చెప్పలేను. పట్టపగలు లైటు వేసుకునే బాధ తప్పింది. పావురాలు కూడా వచ్చి పని చూసిపోతున్నాయి. అవి ధరేమీ చెప్పలేదు.

*

చిరంజీవి తమ్ముడికి అక్క రాసేది. చాలా సంతోషం.

చూశావా? ముగ్గురితోనే అయిదు వందలు తగ్గింది. ఈ లెక్కన ఏడుగురయ్యేసరికి రెండున్నరకి దిగుతుంది. నువ్వు మధ్యలో చల్లబడకపోతే చాలు.

మరదలి ముక్క చదివి మీ బావగారికి కూడా వినిపించాను. ఆ పిల్లకి పొదుపు ఇప్పుడిప్పుడే వంటబడుతోంది, లైటు ఖర్చు కూడా చూసుకుంటోంది అన్నాను. ఆయన ఎందుకో పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి ఇలాంటివి అర్థం కావు.

ఇంకో నలుగురు. వదలకు.

ఇట్లు,
అక్క

తా.క. తీసిన పెంకులు ఎన్నో రాసి ఉంచు. ఎవడైనా ఎత్తుకుపోగలడు.

*

అక్కయ్యకు తమ్ముడు రాసేది. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, నీవైపు కుశలమే రాయగలను.

నాలుగో ఆయన వచ్చి మిగతా పెంకులు కూడా దింపించి, అయిదు వేలన్నాడు. మూడున్నరకే చేస్తామన్నారయ్యా అంటే, అప్పుడు పైన పెంకులున్నాయి కదా అన్నాడు. అయిదో ఆయన వడ్రంగి. వాసం ఎంతవరకు పుచ్చిందో చూస్తానని గునపంతో పొడిచాడు. వాసం ఊడి, పక్కదాన్ని కూడా తీసుకుని కిందపడింది. ఆయన ఏమాత్రం తొణక్కుండా కాగితం అడిగి ఏడు వేలని రాశాడు. ఆరో ఆయన లోపలికే రాలేదు. వీధిలోంచే కనపడుతోంది అని చెప్పి, తొమ్మిది వేలని వెళ్ళిపోయాడు.

శనివారం వాన పడింది. టార్పాలిన్ చెరోవైపు పట్టుకుని నిలబడ్డాం. అయినా ఇరవై చొక్కాల గుడ్డ మట్టినీళ్ళలో తడిసి మరకలు పట్టింది. ఉతికినా పోలేదు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. దయచేసి రెండు వేలు పంపు, నేను మొదటి మేస్త్రి దగ్గరికి వెళతాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినగారూ, ఆరో ఆయన ఉత్తముడు. ఏమీ విప్పలేదు. విప్పడానికి ఏమీ మిగల్లేదు.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత. ఆరుగురూ కూడబలుక్కుని నీ చెవిలో పువ్వు పెడుతుంటే, నువ్వు రెండో చెవి కూడా చూపిస్తున్నావు. తక్కువ చెప్పినవాడు మూడోవాడు. కాగితం ఉంది. అది పట్టుకెళ్ళి, మూడున్నరకే చేయమని నిలదియ్యి. మాటంటే మాటే.

వాన పడిందని, గడువుందని నాకు రాయకు. గడువు మేస్త్రికి చెప్పకూడదన్నాను, నాకూ చెప్పకు. తొందరపడ్డవాడి డబ్బు నిలవదు. గుర్తు పెట్టుకో, మనిషికి ఏది కావాల్సొచ్చినా మూడుచోట్ల విచారించి, తక్కువ పడేదే తీసుకోవాలి. మొహమాటం ఉండకూడదు. ఎవరేమనుకున్నా సరే.

ఇట్లు,
అక్క

తా.క. ఆరోవాడు ఉత్తముడని మరదలు ఎందుకు రాసింది? తొమ్మిది వేలు అడిగినవాడా ఉత్తముడు? పొదుపు నేర్చుకుంటోందనుకున్నాను.

*

అక్కయ్యకు తమ్ముడు, నీ మరదలు కలిసి రాసేది.

మూడో ఆయన కాగితం చూసి, తలెత్తి ఆకాశం చూసి, నవ్వి వెళ్ళిపోయాడు. కాబట్టి నువ్వు చెప్పిన రెండో ముక్కే పట్టుకున్నాం. మిగతా ధరలన్నీ వచ్చేదాకా మిషనూ, మేమూ తడవకుండా ఎక్కడో ఉండాలి కదా. మొహమాటం లేకుండా మూడుచోట్ల విచారించాం. లాడ్జి గది రోజుకి నాలుగు వందలు. పక్కవీధిలో అద్దెవాటా నెలకి మూడు వేలు, ఆరు నెలల అడ్వాన్సు. మూడోది మీ మేడమీద గది. దానికి అద్దె లేదు, అడ్వాన్సు లేదు, రెండు పూటలా భోజనం ఉంది. ఎటు చూసినా అదే తక్కువ పడుతోంది.

సోమవారం పొద్దున్న బస్సుకి దిగుతాం. మిషను, గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల, ఇస్త్రీపెట్టె తెస్తున్నాం. గుండీలు కుట్టే ఇద్దరు ఆడవాళ్ళు కూడా వస్తామంటున్నారు. నీ సున్నానికి నాలుగు నెలలు పట్టిందంటే, కప్పుకి ఆరు నెలలనుకో.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినగారూ, బల్ల మేడమెట్లు ఎక్కకపోతే మీ హాల్లో వేసుకుంటాను. తెల్లవారుజామున నాలుగింటికే మిషను మొదలుపెట్టడం నాకలవాటు. బావగారికి పేపరు చదువుకోవడానికి ఇంకో చోటు చూసిపెట్టండి.

*

తమ్ముడికి,

మొదటి మేస్త్రిని పిలువు. ఎంతడిగితే అంత ఇవ్వు. మనియార్డరు చేశాను, తొమ్మిది వేలు. నీ వాటా ఏమీ వద్దు, అంతా నాదే అనుకో. బేరమాడకు. ఈవేళే మొదలుపెట్టించు.

మాకు మిమ్మల్ని చూడాలని ఉండదా? ఉంటుంది. కానీ ఈ ఊరి నీళ్ళు మరదలికి పడవు.

ఇట్లు,
అక్క

తా.క. బస్సు టిక్కెట్లు కొని ఉంటే వెనక్కిచ్చెయ్యి. పోయిన డబ్బు నేనిస్తాను.

*

అక్కయ్యకు తమ్ముడు నమస్కారాలతో రాసేది. తొమ్మిది వేలూ అందాయి. అందరం క్షేమం. ఈసారి కప్పు కూడా.

నీ దగ్గర ఒకటి దాచాను, చెప్పేస్తున్నాను. వాన పడ్డ రోజున నీ మరదలు మరకల గుడ్డ ఉతుకుతూ కూర్చుంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆరుగురిని పిలవడానికి తిరిగినవాణ్ణి, ఆమె చెప్పేది ఒక్కసారి వినడానికి తీరిక చేసుకోలేదని నాకప్పుడు సిగ్గేసింది.

నీ కోపం ఉత్తరం వచ్చిన రోజే ఆమె చెప్పులేసుకుని మొదటి మేస్త్రి పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ఆయన, మా కప్పు ఇదివరకే చూశాను కాబట్టి మళ్ళీ చూడనవసరం లేదన్నాడు. కాకపోతే ఇప్పుడు మూడిళ్ళవాళ్ళు పిలుస్తున్నారనీ, ఎవరింట్లో తక్కువ మాటలు పడాలో చూసుకుని వెళదామనుకుంటున్నాననీ అన్నాడు. మా ఇల్లు ఆ వరసలో మూడోదట.

"రేపు మా ఇంటికే రావడానికి ఎంత?" అని అడిగింది.

"ఆరు వేలమ్మా."

"రండి."

అంతే. అంత చిన్న బేరం నేనెప్పుడూ చూడలేదు. స్కూలువాళ్ళిచ్చిన అడ్వాన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. పాడైన ఇరవై చొక్కాలకీ కొత్త గుడ్డ తన డబ్బుతోనే తెచ్చింది. మూడు రోజుల్లో కప్పు పూర్తయింది. నీకు సోమవారం వస్తామని రాసిన ఉత్తరం, ఆ కొత్త కప్పు కిందే కూర్చుని రాశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. నీకు అబద్ధం రాయడం నాకిదే మొదటిసారి. పెన్ను ఎక్కడా ఆగలేదు.

నిన్న ఎనభై చొక్కాలూ ఒకరోజు ముందే ఇచ్చి వచ్చాం. వచ్చే ఏడాది పని కూడా ఈమెకే. కప్పులో నీ వాటా మూడు వేలు పోను, మిగతాది నీకు తిప్పి పంపుదామన్నాను. ఆమె కాగితం లాక్కుని, నేను రాస్తానంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినగారూ, మిగిలిన ఆరువేలలోంచి నా ఇరవై చొక్కాల గుడ్డ ఖర్చు తీసుకుని, మిగతాదానితో ఇంకో కుట్టుమిషను కొన్నాను. ఒక్క షాపులోనే అడిగాను. ఆయన చెప్పిన ధర ఇచ్చి, పావుగంటలో ఇంటికొచ్చేశాను. ఎంత హాయిగా ఉంటుందో, మీరూ ఒకసారి చేసి చూడండి.