ఫిలిడా పంపిన కొలత

మసాచుసెట్స్,
1852 ఫిబ్రవరి 9, సోమవారం.

చిరంజీవి హిట్టీని నాన్న మనసారా దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. జార్జియాలో నువ్వూ, నీ దగ్గర చదువుకుంటున్న పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మీ అమ్మ మూడుసార్లు చదివి, నాచేత రెండుసార్లు చదివించింది. అమ్మ దగ్గు ఎలా ఉందని అడిగావు. దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు. బానిసలు పండించిన చక్కెర మన గడప తొక్కకూడదని పంతం పట్టింది. కాఫీలోకి మేపుల్ చెట్టు పాకమే పోస్తోంది. బ్రహ్మాండంగా ఉందంటూ తాగుతున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్య అది.

మీ దొరసాని అన్న మాట రాశావు. "మీ ఉత్తరాదివాళ్ళు మాకు నీతులు ఊరికే చెబుతారు, బూట్లు మాత్రం డబ్బులకి అమ్ముతారు" అని ఆమె నవ్విందట, నువ్వు భోజనం వదిలి లేచి వచ్చేశావట. చదివి నాకూ ఒళ్ళు మండింది. 

ఇక మీ దొరసాని ఎస్టేటులో బానిసగా ఉన్న ఫిలిడా బూట్ల సంగతి. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇన్ని రోజులు ఆలస్యమైంది. రాస్తాను తల్లీ, పారిపోను. కాస్త ఊరి కబుర్లు చెప్పి ధైర్యం తెచ్చుకోనీ.

పోయిన గురువారం మన హాల్లో బానిసత్వానికి వ్యతిరేకంగా సభ జరిగింది. కెంటకీ నుంచి తప్పించుకుని వచ్చిన ఒకాయన మాట్లాడాడు. తన తల్లిని వేలం వేసిన రోజు గురించి చెబుతుంటే ఊరు ఊరంతా ఏడ్చింది. మా షాపు యజమాని ఆల్ఫియస్ గారు లేచి ప్రార్థన చేయించారు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయనా మేమూ అందరం షాపుకు పోయి, మీ వైపు ఎస్టేట్లలో బానిసల కోసం వెళ్ళే ముతక బూట్లు నాలుగు పెట్టెలు సర్దాం. ఎవరికీ ఏమీ అనిపించలేదు. మనం మానేస్తే పక్క ఊరివాళ్ళు కుడతారని షాపులో నా పక్కన కుట్టే సైలస్ ఎప్పుడూ అనే మాటే. నేనూ ఆ మాట అన్నవాడినే.

ఆ బూట్లకు కొలతలు ఎలా వస్తాయో నువ్వు అక్కడ చూసే ఉంటావు. ఒక్కొక్కరి పాదం పొడవుకు ఒక కర్రపుల్ల కోసి, పేరు రాసి, కట్ట కట్టి పంపుతారు. ఫిలిడా మాత్రం రెండు పుల్లలు పంపిందని రాశావు. చిన్నప్పుడు సబ్బు కాచే కాగు మీదపడి ఆమె ఎడమకాలి వేళ్ళు పోయాయనీ, అందుకని ఆ కాలికి వేరే పుల్ల కోసి, రెండూ నీలం దారంతో కట్టిందనీ, ఏడాది ఎదురుచూస్తే రెండూ ఒకే కొలతవి వచ్చాయనీ రాశావు. బూటులో గుడ్డలు కుక్కుకుని పత్తి చేలో నడిచి నడిచి ఆమె కాలు పుండు పడిందట. "రెండో పుల్ల మీవాళ్ళకి అందలేదా అమ్మా?" అని నిన్ను అడిగిందట. దారిలో ఎక్కడో జారిపోయి ఉంటుంది, అందితే మా నాన్న చూసి కుట్టేవాడు అని నువ్వు చెప్పావట.

అందింది, హిట్టీ.

మా షాపులో చెక్క అచ్చులు నాలుగే సైజులు. కర్రల ప్రకారం కుట్టడం ఎన్నడూ లేదు. కట్ట విప్పి, పొడుగువి ఎన్ని, పొట్టివి ఎన్ని అని చూసుకుని కర్రల్ని పొయ్యిలో వేస్తాం. ఆ రోజు కట్ట విప్పింది నేను. నీలం దారం చూశాను. ఒకే పేరుతో రెండు పుల్లలు చూశాను. "తనకి రెండు కాళ్ళున్నాయని మనకి తెలీదనుకుంది కాబోలు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. ఆ నవ్వుతోనే రెండు పుల్లలూ పొయ్యిలో పడేశాను.

నీ ఉత్తరం వచ్చాక ఆల్ఫియస్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క మనిషికైనా కొలత ప్రకారం కుడతానన్నాను. ఒకరికి కుడితే అందరూ అడుగుతారన్నాడు. మంచివాడే. బానిసల కోసం రోజూ ప్రార్థన చేస్తాడు. ఆ మంచితనం ఎంతవరకో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు, ఎందుకంటే నాదీ అంతవరకే.

మీ అమ్మకు చెప్పేశాను.  మూడోనాడు కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. "రాయండి. మీ కూతురు మీ మీద నమ్మకంతో ఆవిడకి అబద్ధం చెప్పింది. ఆ పాపం దానికెందుకు?" అంది.

మీ వైపు ఉత్తరాలు విప్పి చూస్తారని రాశావు కనుక ఇది టపాలో వేయకుండా, సవానాకు ఓడ నడిపే మీ బాబాయి చేతికిస్తున్నాను. నేను ఆల్ఫియస్ గారి షాపు మానేశాను. ఊళ్ళోవాళ్ళ బూట్లు బాగుచేసుకుంటాను, గడుస్తుంది. ఫిలిడా బూట్లకని మెత్తటి దూడతోలు తెచ్చిపెట్టాను అని గొప్పలు పోను. తోలు తెచ్చాను, అంతే. మంచి బూట్లు ఇచ్చినంత మాత్రాన ఆమెకు స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదని నాకు తెలుసు.

నువ్వు ఫిలిడా దగ్గరికి వెళ్ళు. పుల్ల దారిలో పోయిందని ఇంక చెప్పకు. అందిందని చెప్పు. చూసి నవ్వి కాల్చినవాడు మా నాన్నే అని చెప్పు. ఆమె ఏమంటే అది ఉన్నదున్నట్టు రాయి, నన్ను కాపాడకు. ఆమె ఇష్టపడితేనే కొలత మళ్ళీ తీసుకో. మోకాళ్ళ మీద కూర్చుని, నీ చేత్తో, ఎడమకాలిది వేరుగా.

ఇట్లు,
మీ నాన్న
జోతమ్