బంట్రోతు పిలిచిన పేరు

ఫిబ్రవరి 3

వాడు వస్తున్నాడట. పేపర్లో ఫొటో వేశారు. ఈశాన్యాన ఏదో కొండల రాష్ట్రానికి గవర్నరు. మెడ దాకా గుండీలు పెట్టిన నల్ల కోటు, వెనక తలపాగా జవాను. కింద 'నందిగామ ముద్దుబిడ్డ' అని.

నాకు కనిపించింది కోటు కాదు, తెల్ల చొక్కా. నా తమ్ముడు రత్నం నెత్తురు మోచేతుల దాకా అంటిన చొక్కా. చందర్లపాడు దగ్గర మిరప కల్లంలో రత్నం తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నాతో అన్నాడు — "ఏడవకురా దావీదూ. నేను చూశాను. కోర్టులో నేను చెప్తా."

ఆ మాట తప్పాడు. తప్పిన తర్వాతే పెద్దవాడయ్యాడు.

ఈ పేజీల్లో వాడి పేరు రాయను. ఇన్నేళ్ళూ రాయలేదు.

ఫిబ్రవరి 4

ఎందుకొస్తున్నాడో ఇవాళ తెలిసింది. పెద్ద కోటయ్య విగ్రహం ఆవిష్కరించడానికి.

రత్నాన్ని నరికిన కోటయ్య. నిరుడు ఏసీ గదిలో, సెలైన్ సీసా కింద, నిద్రలో పోయిన కోటయ్య. కొడుకు ప్రసాద్ పెట్టిస్తున్నాడు, మా రోడ్డు చివర సెంటర్లో. సిమెంటు విగ్రహం, పైన బంగారు రంగు. ఒంటికి గుడ్డ చుట్టారు. కుడిచెయ్యి మాత్రం గుడ్డలోంచి పైకి పొడుచుకొచ్చింది. దీవిస్తున్నట్టు.

ఆ చెయ్యే.

ఫిబ్రవరి 6

నిద్ర లేదు. రాసేస్తే పోతుందని కాదు. పోదు.

పోలింగు రోజు. ఊరి బయట మా పేటవాళ్ళు అప్పటిదాకా ఓటు వేసి ఎరగరు. వెళ్తే "మీది పడిపోయింది, పొండి" అనేవాళ్ళు. ఆ ఏడాది రత్నం ఏజెంటుగా లోపల కూర్చున్నాడు. మా ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని వరసలో నిలబడ్డారు. వరస మీద కోటయ్య మనుషులు నాటుబాంబు వేశారు. పొగ, అరుపులు, ఒక పిల్ల కాలు... రత్నం పొలాలకి అడ్డంపడి పరిగెత్తాడు. ఎండబోసిన కాయల మీద జారి పడ్డాడు. పాలేళ్ళ చేత చేయించలేదు కోటయ్య. గొడ్డలి తనే తీసుకున్నాడు. మొదటి దెబ్బ భుజం. తర్వాతది మెడ. ఎర్రటి కాయల మీద నెత్తురు కనపడలేదు. కాలు పెడితే జారింది.

నేను చేరేసరికి అయిపోయింది. నాకంటే ముందు పరిగెత్తినవాడు వాడే — ఈ గవర్నరు. అప్పటికి నందిగామలో కొత్త లాయరు. బెజవాడ హాస్టల్లో ఒకే గది మాది, ఒకే దుప్పటి. పోలింగు చూస్తానని నాతో వచ్చాడు.

చూశాడు.

ఫిబ్రవరి 7

కోర్టులో సాక్షిని పిలిచే పద్ధతి ఒకటుంది. బంట్రోతు వరండాలోకి వచ్చి, ఇంటిపేరుతో సహా, సాగదీసి మూడుసార్లు పిలుస్తాడు. వాడు నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి పిలుపుకి లేవలేదు. రెండోదానికి చేతిరుమాలు తీసి మడతపెట్టాడు. మూడోదానికి లేచాడు.

"దూరంగా ఉన్నానండి. ముఖాలు ఆనలేదు."

అంతే. కేసు కొట్టేశారు. కోటయ్య బయటికొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాతి ఎన్నికలకి టికెట్టు వాడిది, జీపులు కోటయ్యవి.

ఫిబ్రవరి 9

వాడి వైభవం ఒకసారి తలచుకుందాం. ఎమ్మెల్యే. మంత్రి. ఓటమి. పార్టీ మార్పు. మళ్ళీ మంత్రి. ఇంకో మార్పు. వయసు మళ్ళాక ఢిల్లీవాళ్ళు గుర్తుపెట్టుకుని రాజ్‌భవన్ ఇచ్చారు. యావజ్జీవం పడినవాణ్ణి వదిలిపెట్టే సంతకం ఇప్పుడు వాడి చేతిలో ఉంది.

గవర్నరు పదవి గురించి దొరికిందల్లా చదివాను. రాజ్యాంగ సభ చర్చలు కూడా వదల్లేదు. ఎంత బుర్రలు బద్దలుకొట్టుకున్నారో పాపం. చివరికి తేలిందేమిటి? సొంతంగా ఒక్క ముక్క మాట్లాడకూడని ఉద్యోగం. ఎవరో రాసిచ్చింది 'నా ప్రభుత్వం' అంటూ చదవాలి. ఇంతకంటే తగినవాడు ఈ దేశంలో దొరకడు.

ఫిబ్రవరి 10

సువార్త అడిగింది. రత్నం భార్య, మా వెనక వాటాలో ఉంటుంది. పళ్ళు ఊడాయి గాని చూపు నిక్షేపం.

"ఆ చెయ్యి ఎందుకు ఎత్తి పెట్టారు బావగారూ?"

"దీవిస్తున్నట్టు."

"ఎవర్ని?"



ఫిబ్రవరి 11

ఎడమ చేత్తో దవడ పట్టుకుని రాస్తున్నాను.

పొద్దున్నే, ఎండలో, అందరూ చూస్తుండగా సువార్త వెళ్ళింది. పక్కింటి పునాది పనికి తెచ్చిన సమ్మెట భుజాన వేసుకుంది. వెనకే నడిచాను. ఆగమనలేదు. అనబుద్ధి కాలేదు. రంగులవాళ్ళ నిచ్చెన విగ్రహం దిమ్మెకే ఆనించి ఉంది. ఎక్కింది. డెబ్బై దాటిన మనిషి. కొట్టింది... మళ్ళీ మళ్ళీ కొట్టింది. మోచేతి కాడ సిమెంటు రాలి, చెయ్యి ఇనుప ఊచకి వేలాడింది. టీ కొట్టు నిండా జనం. ఎవరూ ఆపలేదు. ఎవడో "ఇంకోటి వెయ్ మామ్మా, ఊడుద్ది" అని నవ్వాడు.

ఊడింది.

ప్రసాద్ మనుషులు బళ్ళ మీద వచ్చారు. జుట్టు పట్టి దింపారు. ఆమె కుడిచెయ్యి దిమ్మె అంచున పరిచి అదే సమ్మెటతో... ఎండు కందికట్టె విరిగినట్టు. అడ్డం వెళ్ళాను. పడేసి తొక్కారు. పన్ను ఒకటి మట్టిలో. ప్రసాద్ కారు దిగనే లేదు. అద్దం దించి, "చేతికి చెయ్యి. చాల్లే, రండ్రా" అన్నాడు.

ఫిబ్రవరి 12

ప్రభుత్వాసుపత్రి. ఎస్సై వచ్చాడు, కుర్రవాడు, మర్యాదస్థుడు.

"మామ్మగారు నిచ్చెన మీంచి పడ్డారంటున్నారండి అందరూ."

"నేను చూశాను. ఇదిగో ఫిర్యాదు."

"మీరు ఇంటి మనిషి కదండీ. బయటివాళ్ళెవరన్నా చెప్పాలి."

టీ కొట్టు సాంబయ్య దగ్గరికి వెళ్ళాను. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. గిన్నె మీంచి కళ్ళెత్తకుండా అన్నాడు — "ఆ టైముకి పాలు పొంగుతున్నాయి మాస్టారూ. అటు చూళ్ళేదు."

సువార్త మీద కేసు కట్టారు. విగ్రహ ధ్వంసం.

ఫిబ్రవరి 13

చెయ్యి అతికించారు. రంగు కలవలేదు. ఒళ్ళు బంగారం, చెయ్యి ఆవకాయ నూనె.

ఫిబ్రవరి 14

హౌస్ అరెస్టు. గేటు దగ్గర కానిస్టేబుళ్ళు. "గవర్నరు గారు దాటేదాకా అండీ. టిఫినేమన్నా తెప్పించమంటారా?"

ఇడ్లీ అన్నాను. నమలక్కర్లేదు.

ఫిబ్రవరి 15

టీవీలో ముందే చూశాను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కలెక్టరు పూలగుత్తి, పోలీసు వందనం, లారీలన్నీ పక్కకి. కాసేపటికి సైరన్లు మా రోడ్డు మీదికొచ్చాయి.

అరుగు మీద నిలబడ్డాను. గేటు దాటొద్దన్నారు. నోరెత్తొద్దని ఎవరూ చెప్పలేదు. జెండా కారు కనపడగానే పిలిచాను. ఆ బంట్రోతు పిలిచినట్టే, ఇంటిపేరుతో సహా, సాగదీసి. రెండో పిలుపుకి కానిస్టేబులు నా నోరు మూశాడు. మూడోది వాడి అరచేతి కిందనుంచి వెళ్ళింది. పన్ను పోయిన చోట నెత్తురు వాడి వేళ్ళకి అంటింది.

నల్లద్దాల వెనక ఒక తల ఇటు తిరిగింది. కారు నెమ్మదించింది... అక్కడ స్పీడు బ్రేకరు ఉంది. అర్జీలు పెట్టి వేయించింది నేనే.

దండ వేశాడట. "నాకు రాజకీయ భిక్ష పెట్టిన మహానుభావుడు" అన్నాడట. గవర్నరు మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడకూడదు. జనగణమన పాడేశారు. జగ్గయ్యపేటలో సన్మానానికి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 17

ఫోను. ముందు ఎవరో హిందీలో, లైన్లో ఉండమని. తర్వాత వాడు. ముసలి గొంతు. గుర్తుపట్టాను.

"ఏరా దావీదూ. బంట్రోతులా పిలిచావేంట్రా."

"వినపడిందా?"

"మూడూ వినపడ్డాయి." దగ్గాడు. "ఆవిడ మీద కేసు తీయిస్తా. ప్రసాద్‌తో నేను మాట్లాడతా. నువ్వా ఫిర్యాదు వెనక్కి తీసుకో. మాటిస్తున్నా."

మాటిస్తున్నా. కల్లంలో అన్న గొంతే.

"ముందు ఒకటి చెప్పు. ఆ రోజు చూశావా లేదా?"

"చూశానని నీకు తెలీదేంట్రా."

"నాకు చెప్పడం కాదు. ఫోను సువార్తకిస్తున్నా. ఆవిడకి చెప్పు."

కట్టు కట్టిన చెయ్యి పనికిరాదు. ఆమె చెవి దగ్గర నేనే పట్టాను. "చెప్పండయ్యా" అంది. ఊపిరి వినపడుతోంది, నాక్కూడా. గవర్నరు ఊపిరి. అక్కడెవరో "సార్, టైమయింది" అన్నారు.

లైను పోయింది. పెట్టేశాడు.

ఆమె మాత్రం ఇంకా వింటున్నట్టే కూర్చుంది.

ఫిబ్రవరి 18

ఎస్సై కబురు. రేపు స్టేషనుకి రండి, రాజీ చేసుకోండి, రెండువైపులా కేసులు పోతాయి. ఆమె ఎడమచేతి వేలిముద్ర చాలట.

"వెయ్యమంటారా బావగారూ?"

"వేస్తే నీ మీద కేసు ఉండదు."

"వెయ్యకపోతే?"

"నీ చెయ్యి విరగ్గొట్టారని కోర్టులో నేను చెప్తా."

నా నోట్లోంచి వచ్చాక తెలిసింది, అది ఎవరి మాటో. సువార్త నా ముఖంలోకి చూసింది. లేచి వెళ్ళి కోళ్ళకి నూకలు వేసింది, ఎడమ చేత్తో.

ఫిబ్రవరి 19

చీర మార్చుకుని వరండాలో కూర్చుంది. ఆటో వస్తుంది. ముద్ర వేస్తుందో లేదో చెప్పడం లేదు. అడిగే ముఖం నాకు లేదు.

కోటయ్యని ఎప్పుడో వదిలేశాను. గొడ్డలి పట్టినవాడు నరుకుతాడు. ప్రసాద్ ఆ కోటయ్య కొడుకే. సాంబయ్యకి పాలు పొంగుతాయి, కొట్టు నడవాలి. చూసి కూడా చూడలేదనడం ఎంత తేలికో, దాంతో ఎంత ఎత్తుకి పోవచ్చో ఈ తాలూకాకి చూపించినవాడు వేరే ఉన్నాడు. రత్నం తల ఒళ్ళో పెట్టుకున్నవాడు. నా దుప్పటిలో పడుకున్నవాడు. నా మాటని ఆమె కూడా నమ్మలేనంత దూరం నన్ను తెచ్చినవాడు.

ఆటో హారన్. ఆమె లేచింది.

పేరు రాయనన్నాను. రాస్తున్నాను.

యలవర్తి సీతాపతిరావు.