తెల్ల సాసరు

స్కెల్‌బీ, యార్క్‌షైర్
సెప్టెంబరు 17, ఆదివారం

చిరంజీవి రోవెనాకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. నువ్వక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇన్నేళ్ళూ ఈ ముక్కలు మీ అమ్మే రాసేది. నేను కింద సంతకం పెట్టేవాణ్ణి. ఇవి రాయడం ఇంత కష్టమని తెలియదు.

నీ ఉత్తరం ఇరవై రెండు రోజులకు చేరింది. దక్షిణాన మీ దీవుల్లో ఇంకా మంచు కురుస్తోందని, గాలికి ఆసుపత్రి తలుపు ఇద్దరు పట్టుకుంటే గాని మూసుకోవడం లేదని రాశావు. ఇక్కడ వేసవంతా ఎండలు. తోటలకు గొట్టంతో నీళ్ళు పెట్టొద్దని జూలైలో చాటారు. ఊరంతా వాన గురించే మాట్లాడుకుంది. వాన పడ్డప్పుడూ వాన గురించే మాట్లాడుకుంటాం కనుక పెద్ద తేడా తెలియలేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. పొగగొట్టం శుభ్రం చేయించాను. వేళకు తింటున్నాను. మంగళవారం మంగళవారం పక్కింటి హిల్డా మటన్ స్టూ తెచ్చి పెడుతుంది. గిన్నె కడిగే తిరిగి ఇస్తున్నాను. మీ అమ్మ వేసిన టొమాటో మొక్కలు విరగకాశాయి. వీధిలో పంచాను. నువ్వు కోరిన పాత పాటల క్యాసెట్లు నాలుగు ఈ పార్సెల్లో ఉన్నాయి. అన్నీ మీ అమ్మ పెళ్ళికి ముందు డ్యాన్సు హాళ్ళలో గంతులేసినవే. ఐదోది పంపడం లేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

మిగిలింది క్రికెట్ స్కోరు పుస్తకం. ‘అమ్మ రాసిన చివరి పుస్తకం పంపు నాన్నా, సెలవు రోజుల్లో ఒక్కో బంతీ చదువుకుంటాను’ అని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. క్లబ్బువాళ్ళ దగ్గరుందని ఒకసారి రాశాను. అట్ట ఊడింది, అతికిస్తున్నానని ఇంకోసారి. అది మే నెల నుంచి వంటింటి సొరుగులోనే ఉంది. స్కోరు చదవడం నీకు తొమ్మిదో ఏటే మీ అమ్మ నేర్పింది. నా భయం అదే.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందా అని అడిగావు. లేదు. ఆమె ట్రాన్సిస్టరులో బ్యాటరీలు తీసేసి అటక మీద పెట్టాను. అయినా తూర్పుగాలి వీచే రోజున మెట్ల దగ్గర ఒక పాట వినబడుతుంది. మొదలూ వినబడదు, చివరా వినబడదు. పల్లవికి ముందు ఆడవాళ్ళు ముగ్గురు గొంతు కలిపే చోటు మాత్రమే వినబడుతుంది. అక్కడే తిరుగుతూ ఉంటుంది. నేను మెట్టెక్కితే ఆగిపోతుంది.

నా కుడిచెయ్యి కూడా మాట వినడం మానేసింది. పాలవాడు గేటు వేసిన చప్పుడుకు నడుం దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు పరుగుల సంజ్ఞ. వెంటనే నా కళ్ళు కిటికీ వైపు తిరుగుతాయి. అల్మరాలో సాసర్లు ఐదున్నాయి. ఆరోది ఎక్కడుందో నాకు తెలుసు.

అంపైరు సంజ్ఞ చేస్తే, చూశానని స్కోరరు జవాబివ్వాలి. జవాబు వచ్చేదాకా తర్వాతి బంతి వేయించకూడదు. ఇది నీకు తెలుసు. నాకు నేను చెప్పుకోవడానికి రాస్తున్నాను. మిగతా స్కోరర్లు చెయ్యెత్తుతారు. మీ అమ్మ తెల్ల సాసరు ఎత్తేది. “ఉత్త చెయ్యి నీ కళ్ళకు ఆనదయ్యా, గుడ్డి అంపైరూ” అనేది. ఇరవై ఆరేళ్ళు నేను మైదానం మధ్య నుంచి చెయ్యి ఊపాను, ఆమె స్కోరు రాసే చెక్కగది కిటికీలోంచి సాసరు ఎత్తింది. పెళ్ళయిన వాళ్ళు అంతకన్నా ఎక్కువ ఏం మాట్లాడుకుంటారు?

ఆగస్టులో నార్మన్ టోర్డాఫ్ వచ్చాడు. కిర్క్‌బెక్ జట్టు స్కోరరు, నీకు గుర్తుండే ఉంటాడు. మీ అమ్మ పెట్టే పాటలు భరించలేక స్కోరు గదిలో కూర్చోకుండా, మైదానం అంచున కారు నిలిపి స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని రాసేవాడు. సంజ్ఞకు జవాబుగా కారు దీపాలు వెలిగించేవాడు. సంచిలో ప్లమ్ పళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“లోపలికి రమ్మంటావా, ఇక్కడే వేలెత్తి ఔటిచ్చి పంపేస్తావా?”

“బూట్లు తుడుచుకుని రా.”

కూర్చున్నాక జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. “ఆ మూడు ఓవర్లూ నా పుస్తకంలోంచి రాసి తెచ్చాను. నీ దాంట్లో ఎక్కించెయ్. ఖాళీ కనిపిస్తే ఆ పిల్ల ఇదేమిటని అడుగుతుంది.”

“అడగనీ.”

“అడిగితే చెబుతావా?”

నేను సంచిలోని పళ్ళు గిన్నెలో పోశాను.

“చెప్పే మొహమేనా ఇది” అన్నాడు. “చూడు క్లెమెంట్. ఆ రోజు నేను దీపాలు వెయ్యకపోతే నువ్వు ఆగేవాడివి. నాలుగు పాటలు వింటే చస్తానా? ఆమె పక్కన కూర్చోక కారులో ఏడ్చాను, వెధవని.”

“టీ తాగుతావా?”

“తాగుతా. కప్పు చాలు. సాసరు వద్దు.”

ఆయన వెళ్ళాక మీ అమ్మ పెన్సిలు చెక్కాను. ఆమె నాలుగు అంకె ఎలా వేస్తుందో, పరుగు రాని బంతికి చుక్క ఎంత చిన్నగా పెడుతుందో పాత పేజీలు చూసి అలాగే వేశాను. పదిహేడు బంతులు ఎక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చూస్తే ఆమె రాసినట్టే ఉంది. చనిపోయిన తర్వాత ఆమె మూడు ఓవర్లు రాసినట్టుంది. రబ్బరుతో చెరిపేశాను.

రోవెనా, అంత్యక్రియలు అయిన రెండు రోజులకు నువ్వు వచ్చావు. మనం ఇదే వంటింట్లో కూర్చున్నాం. అప్పుడు నీకు చెప్పాను: వాన మొదలైంది, అందరూ పరుగెత్తారు, నేను గది దగ్గరికి వెళ్ళాను, సరిగ్గా ఆ క్షణాన్నే పోయింది, బాధ లేదు అని. అందులో వాన ఒక్కటే నిజం.

ఆ ఉదయం రేడియో గొంతు తగ్గించమని ఆమెకు చెప్పాను. నార్మన్ ఫిర్యాదు చేస్తున్నాడని. “అతనికి నా పాటలు పడవు, నీకు నేను పడను. సరే, మూగదానిలా గీతలు గీసుకుంటాలే” అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆట మొదలయ్యాక ప్రతి సంజ్ఞకూ సాసరు లేచింది గాని, కొంచెం ఆలస్యంగా, విసురుగా లేచింది. ఆ విసురు నేను అంతదూరం నుంచీ గుర్తుపట్టాను.

ముప్ఫై రెండో ఓవరు, రెండో బంతి. కొండ మీద నుంచి నల్లటి మబ్బు దిగుతోంది. మన జట్టు గెలుపు దగ్గర్లో ఉంది. బంతి కంచెకు తగిలింది. చెయ్యి ఊపాను. సాసరు లేవలేదు. మళ్ళీ ఊపాను. నార్మన్ కారు దీపాలు వెలిగి ఆరాయి. సాసరు మాత్రం లేవలేదు.

“ఇంట్లో పోరు ఇంటికెళ్ళి తేల్చుకో క్లెమెంట్” అన్నాడు నా పక్కనున్న మన బ్యాట్స్‌మన్. “వానొచ్చేలోపు కానీ.”

ఇద్దరిలో ఒకరి జవాబు వచ్చింది కదా అనుకున్నాను. ఆమె అలిగిందనుకున్నాను. ఆమె అలకకు పదమూడుమంది తడవాలా అనుకున్నాను. ఆట సాగించాను.

తర్వాతి ఓవరులో బోర్డు మీద అంకెలు కదలలేదు. వాటిని తిప్పేదీ ఆమే. పెవిలియన్ మెట్ల మీద నుంచి మనవాళ్ళలో ఒకడు అరిచాడు: “అంకెలు తిప్పు బెరిల్! కునుకు తీస్తున్నావా, పాట మధ్యలో ఆపడం ఇష్టం లేదా?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముప్ఫై నాలుగో ఓవరులో నేను నిలబడ్డ చోటి నుంచి కిటికీ నేరుగా కనబడింది. ఆమె తల ఎడమవైపు వంగి ఉంది. కింద పడిన పెన్సిలు వెతుక్కుంటోంది అనుకున్నాను. పెన్సిలు వెతకడానికి అంతసేపు పట్టదని కూడా అనుకున్నాను. అనుకుని, లెక్క తప్పకుండా బంతికొక గులకరాయి చొప్పున ఈ జేబులోంచి ఆ జేబులోకి వేసుకుంటూ నిలబడ్డాను.

వాన వచ్చింది. అప్పుడు వెళ్ళాను. పాట మోగుతోంది, నేను పంపని క్యాసెట్టులో ఉన్నది అదే. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. నాడి లేదు. సాసరు ఒడిలో ఉంది. ఎత్తబోయిందో లేదో నాకు తెలియదు. ప్రతి రోజూ అదొక్కటే ఆలోచిస్తాను.

మొత్తం పన్నెండు నిమిషాలు. నార్మన్ తన పుస్తకంలో ప్రతి ఓవరు పక్కనా వేళ వేస్తాడు. ఎవరు ఏం చేసినా లాభం ఉండేది కాదన్నారు డాక్టరుగారు. కాని ఆయనకు నేను చెప్పిన వేళ వేరు. నువ్వు నర్సువి. పన్నెండు నిమిషాలంటే ఏమిటో నీకు తెలుసు. ఆ పేజీ తెరవగానే నీకు తెలిసిపోతుంది. అందుకే పంపలేదు.

నిన్న ఈ ఏటికి చివరి ఆట. మళ్ళీ కిర్క్‌బెక్ వాళ్ళతోనే. మే తర్వాత నేను అంపైరుగా నిలబడలేదు. నిన్న రమ్మంటే ఒప్పుకున్నాను. టాస్ వెయ్యకముందే వాన పట్టుకుంది. వేసవంతా రాని వాన. అందరూ పబ్బుకు వెళ్ళిపోయారు. నేను తెల్లకోటు తొడుక్కుని పిచ్ దగ్గరికి నడిచాను. స్కోరు గది కిటికీ ఎవరో తెరిచి వదిలేశారు. లోపల చీకటిగా ఉంది.

చెయ్యి ఊపాను. నిలబడ్డాను.

గులకరాళ్ళు తీయలేదు. గడియారం చూడలేదు. కోటు తడిసి బరువెక్కింది. కిటికీలో తెల్లగా ఏదో కదిలినట్టుంది. కళ్ళద్దాల మీద వాన. అది ఏమిటో నీకు రాయను, నాకు తెలియదు కనుక. కాని ఆ పాట, ఎప్పుడూ అక్కడక్కడే తిరిగే ఆ పాట, నిన్న పల్లవిలోకి వెళ్ళింది.

అంచున నార్మన్ కారు ఉంది. దాని దీపాలు వెలగలేదు. చాలాసేపటికి గొడుగు పట్టుకుని వచ్చాడు.

“ఇక రావయ్యా. న్యుమోనియా వస్తే నీ కూతురు నన్ను తంతుంది.”

“దీపాలు వెయ్యలేదేం?”

“వెయ్యాలనిపించింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.”

ఇద్దరం స్కోరు గదిలోకి వెళ్ళాం. సాసరు పై అరలో, సుద్దముక్కల డబ్బా వెనక ఉంది. మే నెలలో నేనే అక్కడ పెట్టాను. దుమ్ము తుడిచాను. దాన్ని నా పాత స్వెట్టరులో చుట్టి ఈ పార్సెల్లో పెట్టాను. స్వెట్టరు తొడుక్కో, మీకు చలి. ఐదో క్యాసెట్టు పంపనని పైన రాశాను. దాన్నీ పెడుతున్నాను.

పుస్తకం ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాను. ముప్ఫై రెండో ఓవరు గడిలో ఒక్క చుక్క ఉంది. అది మీ అమ్మ చివరిగా రాసింది. ఆ తర్వాత ఖాళీ. కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే చెరిపిన అంకెలు కనబడతాయి. అవి నావి.

నన్ను క్షమించమని అడగడం లేదు. నీకు కోపం వస్తే కోపంగానే రాయి. రాయడానికి నెల పట్టినా, ఏడాది పట్టినా తొందరపెట్టను. నా సంజ్ఞ నేను చేశాను. జవాబు వచ్చేదాకా ఈసారి ఆట సాగించను.

ఇట్లు,
నీ వైపే చూస్తూ నిలబడి ఉన్న
నాన్న